పీడీఎఫ్ ఉంది కదా అంటే చాలదు

నల్లగొండలోనో పాలమూరులోనో సొంతంగా పుస్తకం వేసుకున్న ఎవరినైనా దాని సాఫ్ట్ కాపీ ఉందా అని అడగండి. "పీడీఎఫ్ ఉంది, వాట్సాప్ చేస్తా" అంటారు. కవుల దగ్గర్నుంచి స్థానిక చరిత్రకారుల దాకా, డీటీపీ సెంటర్ల నుంచి పుస్తకాలకు ఆర్థిక సాయం చేసే సంస్థల దాకా అందరిలోనూ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పుస్తకమంటే అచ్చు. అచ్చుకు ఆధారం పేజీమేకర్ ఫైలు. దాచుకోవడానికి పీడీఎఫ్. రేపు ఈ-బుక్ కావాలన్నా, వెబ్‌లో పెట్టాలన్నా, చూపులేనివాళ్లకు వినిపించాలన్నా ఆ పీడీఎఫ్ నుంచే చేసుకోవచ్చు. ఒకే మూలప్రతి నుంచి అచ్చు పేజీ, ఈ-బుక్, వెబ్ పేజీ అన్నీ తీసే సాఫ్ట్‌వేర్లు ఐటీ కంపెనీల మాన్యువళ్లకు పనికొస్తాయేమో గానీ తెలుగు పుస్తకానికి వాటితో పనిలేదు.

ఇందులో ప్రతి ముక్కా తప్పే. ఇంగ్లిషు పుస్తకం విషయంలో ఈ తప్పుకు కొంత మన్నింపు ఉండొచ్చు, తెలుగు విషయంలో లేదు. ఇన్నేళ్లుగా మన జిల్లాల్లో అచ్చయిన తెలుగు రాతలో చాలా భాగం కంప్యూటర్లో తయారై కూడా కంప్యూటర్‌కు చదవరాకుండా పోవడానికి ఈ అభిప్రాయమే కారణం.

మన దగ్గర పుస్తకం ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూద్దాం. రచయిత చేతిరాత కాగితాలో, ఫోన్లో కొట్టుకున్న వర్డ్ ఫైలో తీసుకెళ్లి డీటీపీ సెంటర్లో ఇస్తాడు. ఆపరేటర్ దాన్ని అను ఫాంట్లలో మళ్లీ టైపు చేసి పేజీమేకర్లో డెమీ సైజు పేజీలు కడతాడు. మొదటి ప్రూఫు వస్తుంది. రచయిత ఎర్ర పెన్నుతో దిద్దుతాడు. రెండో ప్రూఫు, మూడో ప్రూఫు. ఒక ఊరి పేరు సరిచేస్తాడు, ఒక తేదీ మారుస్తాడు, ఒక పేరా తీసేస్తాడు, నాలుగు వాక్యాలు కొత్తగా చేరుస్తాడు. ఈ దిద్దుబాట్లన్నీ ఆపరేటర్ కంప్యూటర్లో ఉన్న ఆ ఒక్క ఫైల్లోకే పోతాయి. రచయిత దగ్గరున్న వర్డ్ ఫైల్లోకి ఒక్కటీ రాదు. పుస్తకం అచ్చయ్యేనాటికి రచయిత సంతకం పెట్టి ఒప్పుకున్న చివరి పాఠం ఒకే ఒక్కచోట ఉంటుంది. ఆ కంప్యూటర్ తనది కాదు, ఆ సాఫ్ట్‌వేర్ తాను తెరవలేడు. సెంటర్ మూతపడినా, హార్డ్ డిస్క్ పాడైనా, ఆపరేటర్ ఊరు మారినా ఆ పాఠం పోయినట్టే. మిగిలేది పీడీఎఫ్. పండిన వడ్లన్నీ పట్టించి బియ్యం చేసుకుని విత్తనానికి గింజ మిగుల్చుకోకపోవడం లాంటిదే ఈ పద్ధతి.

పేజీమేకర్‌ను ఆల్డస్ కంపెనీ 1985లో తెచ్చింది. 1994లో అది అడోబీ చేతికి వచ్చింది. చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అంటే మన పుస్తకాలు ఇంకా కూర్చుంటున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాళ్లే ఎప్పుడో వదిలేశారు. ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగా గుర్తుపట్టే సంకేతమైన యూనికోడ్ దానికి రాదు. అను ఫాంట్ల మేలు నేను తక్కువ చేయడం లేదు. వేరే దారి లేని రోజుల్లో తెలుగు అచ్చును ఊరూరికీ చేర్చినవి అవే, వాటి మీద బతికిన ఆపరేటర్ల నైపుణ్యం గొప్పది. కానీ ఆ ఫాంట్లు పనిచేసే తీరు తెలిస్తే పీడీఎఫ్ మీద నమ్మకం నిలవదు. అక్కడ తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ముక్కలను ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో పెట్టి, పక్కపక్కన పేర్చి తెలుగులా కనిపించేటట్టు చేస్తారు. కంటికి అది నల్లగొండ. యంత్రానికి అర్థంపర్థం లేని గుర్తుల వరస. అందుకే ఆ పీడీఎఫ్ తెరిచి నల్లగొండ అని వెతికితే ఒక్క ఫలితమూ రాదు. ఒక పేరా కాపీ చేసి ఫోన్లో పేస్ట్ చేస్తే డాలర్ గుర్తులు, చుక్కలు పెట్టిన యూరప్ అక్షరాలు వచ్చి పడతాయి.

ఒకప్పుడు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లకూ ఇదే గతి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో ఫాంటుకు ఒక్కో రహస్య సంకేతం. వెన్న నాగార్జున పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రాసి ఆ సంకేతాలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చూపించాల్సి వచ్చింది. తర్వాత పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌కు మారాయి. పుస్తకం మారలేదు. పత్రిక తన తప్పు రోజూ వెబ్‌లో చూసుకుంది, పుస్తకానికి ఆ అవసరం పడలేదు.

యూనికోడ్ ఫాంటుతో పీడీఎఫ్ చేస్తే సరిపోతుంది కదా అని ఇక్కడ కొందరు అడుగుతారు. సరిపోదు. పీడీఎఫ్ 1993లో పుట్టిందే పేజీ ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించాలని. ఆ పనిని అది అద్భుతంగా చేస్తుంది, ప్రెస్సుకు పంపడానికి దాన్ని మించింది లేదు. అయితే అది లోపల దాచేది ఆకారాలను. తెలుగులో అక్షరాల వరస వేరు, కాగితం మీద ఆకారాల వరస వేరు. లక్ష్మి అన్న చిన్న పేరులోనే క కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు, పైన గుడి చేరతాయి. ఆ ఆకారాల నుంచి తిరిగి అక్షరాలు లాగబోతే గుడి ఒకచోటికి, ఒత్తు ఇంకోచోటికి చెదిరిపోవడం మామూలు. ఇంగ్లిషు పీడీఎఫ్ నుంచి పాఠం దాదాపు సరిగ్గా తిరిగొస్తుంది గనుక వాళ్ల అలవాటు వాళ్లకు చెల్లింది. మనం ఆ అలవాటు తెచ్చుకున్నాం గానీ అది మన లిపికి చెల్లదని చూసుకోలేదు.

ఇక ఒకే మూలం నుంచి అనేక రూపాలు అనే మాటకొద్దాం. ఇది కొత్త ఫ్యాషన్ కాదు. 1980లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ స్క్రైబ్ అనే వ్యవస్థ మీద పరిశోధన పూర్తిచేశాడు. రచయిత ఇది అధ్యాయం, ఇది శీర్షిక, ఇది ఉదాహరణ అని మాత్రమే చెప్పాలి, అది ఎలా కనిపించాలన్నది వేరేగా నిర్ణయించాలి అన్నది దాని సారం. 1980ల నడుమ రిచర్డ్ స్టాల్‌మన్ టెక్స్‌ఇన్ఫో తెచ్చాడు. ఒకే ఫైలు నుంచి అచ్చు మాన్యువల్, తెర మీద చదివే మాన్యువల్ రెండూ వచ్చేవి. 1991లో అదే దారిలో డాక్‌బుక్ అనే పద్ధతి మొదలైంది. 2006లో జాన్ మెక్‌ఫార్లేన్ పాన్‌డాక్ రాశాడు. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. ఆ పాన్‌డాక్ ఇవాళ వర్డ్ ఫైలునో, మామూలు పాఠాన్నో తీసుకుని ఈ-పబ్ అనే ఈ-బుక్ ఫైలు, వెబ్ పేజీ, అచ్చుకు పీడీఎఫ్ అన్నీ ఇస్తుంది. ఉచితం. ఇది కంపెనీ మాన్యువళ్ల పని అనేవాళ్లు ఈ సాధనాన్ని చేసింది ఒక తత్వశాస్త్ర అధ్యాపకుడని గమనించాలి.

తెలుగుకు ఇది కుదరదన్న వాదన మరీ అన్యాయం, ఎందుకంటే మనవాళ్లు ఈ పనిని యూనికోడ్ వాడుకలోకి రాకముందే చేసి చూపించారు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ అనే రాత పద్ధతినీ దానికి తగిన సాఫ్ట్‌వేర్‌నూ తయారుచేశారు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. అదే పాఠాన్ని అలాగే ఈమెయిల్లో పంపుకోవచ్చు, కావాలంటే ముక్కవిల్లి దంపతులు చేసిన తెలుగు టెక్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో తెలుగు లిపిలో అచ్చు తీసుకోవచ్చు. మూలం ఒకటి, రూపాలు రెండు. పద్యాలు, పాటలు అలా ఎక్కించుకున్నారు. యూనికోడ్ వచ్చాక ఆ పాఠాలను తెలుగులోకి మార్చుకోవడం పెద్ద పని కాలేదు, ప్రతి అక్షరానికీ అక్కడ నిర్దిష్టమైన రాత ఉంది గనుక. అదే కాలంలో, అంతకు తర్వాత కూడా అందమైన ఫాంట్లలో పేజీలు కట్టుకున్న పుస్తకాలు ఇప్పటికీ తాళం వేసినట్టే ఉన్నాయి.

ఒకే మూలం అవసరం ఎక్కడ పడుతుందో చూడటానికి మన జిల్లా పేరే పెట్టుకున్న ఒక విషయం తీసుకుంటాను. నల్లగొండ టెక్నిక్. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మీద సిద్దిఖీ వ్యాసం వచ్చింది. ఇంగ్లిషు చదివే డాక్టర్లకు మన ఎముకల సంగతి తెలుసు. మర్రిగూడలో నడుం వంగిపోయిన మనిషికి తెలియాల్సింది వేరు. బిందెలో నీళ్లు ఎన్ని, పటిక ఎంత, సున్నం ఎంత, ఎంతసేపు కలపాలి, ఎంతసేపు తేరనివ్వాలి.

ఈ పద్ధతిని రాయాలంటే ఎంతమందికి రాయాలో చూడండి. పటిక మోతాదు ఆ నీటిలో ఉన్న ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది గనుక ఇంజనీరుకు పెద్ద పట్టిక కావాలి. పంచాయతీ ట్యాంకు చూసుకునే మనిషికి ఆ పట్టికలో తన ఊరి నీటికి సరిపోయే ఒక్క వరస కావాలి. ఇంట్లో వాడుకునే ఆమెకు అడుగుకు కాస్త పైన నల్లా బిగించిన బకెట్ బొమ్మ కావాలి. పటిక, సున్నం కలిపి పది నుంచి ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి, గంటసేపు కదపకుండా ఉంచాలి, అడుగున చేరిన మడ్డి కలవకుండా ఆ నల్లా నుంచే నీళ్లు పట్టుకోవాలి. చదవనివాళ్లకు ఇదే మాట వినిపించాలి. గోడ మీద పోస్టరు, చేతి పుస్తకం, ఫోన్లో పేజీ, మైకులో మాట. నాలుగు రూపాలు, నలుగురు పాఠకులు, కానీ అంకెలు ఒకటే కావాలి. వీటిని నాలుగు వేర్వేరు ఫైళ్లుగా నలుగురు ఆపరేటర్లతో చేయిస్తే ఏదో ఒకదానిలో అంకె తప్పుతుంది. తప్పిన అంకె మనుషులు తాగే నీళ్లలోకి పోతుంది.

పైగా విషయం కదలకుండా ఉండదు. శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలిపోతుందన్న అభ్యంతరం ఈ పద్ధతి మీద తర్వాతి కాలంలో బలంగా వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఇలాంటి హెచ్చరిక ఒకటి కొత్తగా చేర్చాలన్నా, ఒక హద్దు మార్చాలన్నా మూలప్రతి ఒక్కటే ఉంటే ఒక్కచోట దిద్దితే పోస్టరు నుంచి ఫోను పేజీ దాకా అన్నిటికీ చేరుతుంది. ఏ పేరా ఎవరికో మూలంలోనే గుర్తు పెట్టుకోవచ్చు. ఇంజనీరు పట్టిక ఇంటావిడ పుస్తకంలోకి రాదు, మోతాదు అంకె మాత్రం రెండిట్లో ఒకటే ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్లు చేసే అసలు పని ఇదే. మాన్యువళ్లు రాసుకునే విమానాల కంపెనీకి ఈ జాగ్రత్త అవసరమైతే మర్రిగూడ బకెట్‌కు ఎందుకు అవసరం లేదు?

ఇంకో ఉదాహరణ చిన్నదే గానీ అందరికీ అనుభవమే. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు మారాయి. నల్లగొండ మూడయింది, మహబూబ్‌నగర్ నాలుగయింది, 2019లో నారాయణపేట వచ్చి అయిదయింది. ఉమ్మడి జిల్లాల గుళ్ల మీద ఒక దర్శిని పుస్తకం ఉందనుకోండి. పానగల్లు నల్లగొండలోనే ఉంది. కొలనుపాక యాదాద్రి భువనగిరికి, పిల్లలమర్రి గుళ్లు సూర్యాపేటకు, అలంపురం జోగులాంబ గద్వాలకు పోయాయి. పేజీమేకర్ ఫైల్లో వీటిని పేజీ పేజీ తిరగేసి మార్చాలి, విషయసూచిక చేత్తో దిద్దాలి, వెనకున్న ఊర్ల పట్టిక మళ్లీ కట్టాలి. మూలప్రతిలో ప్రతి గుడి పేరు కింద జిల్లా అని ఒక గడి ఉంటే ఆ గడి మారిస్తే చాలు. సూచిక, పట్టిక, వెబ్ పేజీ తమంతట తామే సర్దుకుంటాయి. ఆ శ్రమకు భయపడే రెండో ముద్రణ వేసేటప్పుడు పాత పేజీలే మళ్లీ ప్రెస్సుకు పంపుతారు.

ఇప్పుడు అభ్యంతరాలు. అచ్చు అందం పోతుందన్నది మొదటిది. ఇందులో నిజం ఉంది. పద్యం పక్కన ప్రతిపదార్థం ఎదురెదురు పేజీల్లో నడిచే పుస్తకం, బొమ్మల చుట్టూ మాటలు తిరిగే పిల్లల పుస్తకం మనిషి చేయి పడకుండా బాగుండవు. అలాంటివాటికి ఇన్‌డిజైన్ లాంటి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని పేజీ పేజీ కట్టాల్సిందే. కానీ అక్కడికి వెళ్లే పాఠం దిద్దిన మూలప్రతి నుంచే వెళ్లాలి, ఆఖరి దిద్దుబాట్లు తిరిగి మూలంలోకి రావాలి. ఇక కథలు, వ్యాసాలు, జ్ఞాపకాలు, ఊరి చరిత్రలు, థీసిస్‌ల సంగతంటారా, వాటి పేజీలు యంత్రం కట్టినంత నిలకడగా అలసిపోయిన ఆపరేటర్ కట్టలేడు. ఫాంట్లు లేవన్న మాటకు కాలం చెల్లింది. దేశికాచారి చేసిన పోతన, వేమన ఫాంట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. సిలికానాంధ్ర ద్వారా మండలి, రామభద్ర, పెద్దన లాంటి ఎన్నో ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. వాటిలో సురవరం అనే ఫాంటు కూడా ఉంది, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద.

ఆ పేరు వచ్చింది గనుక చెప్పాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1922లో, షబ్నవీస్ వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. లేరన్నవాళ్లకు ఉన్నామని చూపించడానికి వాళ్లకు అచ్చు ఒక్కటే సాధనం, దాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఇవాళ ఎవరైనా మన గురించి తెలుసుకోవాలంటే ముందు వెతికేది ఫోన్లో. వెతికితే దొరకని పుస్తకం ఆ మనిషికి లేనట్టే. అప్పుడు పరాయివాళ్లు లేరన్నారు. ఇప్పుడు మన ఫైళ్లే ఆ మాట అనిపిస్తున్నాయి.

పేజీ ఫోటో నుంచి అక్షరాలు రాబట్టే ఓసీఆర్ ఉంది, ఏఐ ఉంది, రేపు పీడీఎఫ్‌లన్నీ అదే చదివి పెడుతుంది అన్నది ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న మాట. పాత పుస్తకాలకు ఓసీఆర్ తప్ప గతి లేదు, నిజమే. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ లైబ్రరీ స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు పేజీల ఫోటోలుగానే ఉన్నాయి, వాటిని యంత్రమే చదవాలి. కానీ ఈ ఏడాది టైపు చేసి, మూడు ప్రూఫులు దిద్దిన పాఠాన్ని పారేసి, దాని ఫోటో నుంచి మళ్లీ ఊహించి రాబట్టుకోవడం ఏం తెలివి? ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర, ఊరి పేర్ల దగ్గర ఓసీఆర్ తడబడుతుంది. చింతపల్లి, చింతలపల్లి రెండూ నిజమైన పేర్లలాగే కనిపిస్తాయి గనుక తప్పు ఎవరికీ కనబడదు. స్థానిక చరిత్రలో విలువంతా ఆ పేర్లలోనే, ఆ అంకెల్లోనే ఉంది. పేజీ చెడిపోయి కనిపిస్తే జాగ్రత్త పడతాం. సాఫీగా చదివించే తప్పు తరాలకు పాకుతుంది.

ఇది ప్రోగ్రామర్ల పని, ఆపరేటర్లకు రాదు అన్నది ఆఖరి అభ్యంతరం. నాకు బాగా కోపం తెప్పించేది కూడా ఇదే. వందల కీ కలయికలు వేళ్లలో పెట్టుకుని చూడకుండా అను టైపు చేసే మనిషికి పాన్‌డాక్‌కు ఇచ్చే మామూలు పాఠంలో ఇది శీర్షిక అని చెప్పడానికి దాని ముందు # గుర్తు పెట్టడం రాదా? అదీ వద్దనుకుంటే మామూలు వర్డ్ ప్రాసెసర్ చాలు. లిబ్రాఫీస్ రైటర్లో అధ్యాయం పేరు మీద క్లిక్ చేసి, అక్షరం సైజు పెంచడానికి బదులు హెడింగ్ 1 అన్న స్టైల్ ఎంచుకోవాలి. ఉపశీర్షికకు హెడింగ్ 2. ఫుట్‌నోటును చేత్తో అంకె వేసి పేజీ అడుగున టైపు చేయకుండా ఫుట్‌నోట్‌గా చేర్చాలి. నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇంతే. విషయసూచిక దానంతట అది వస్తుంది. 2018 నుంచి లిబ్రాఫీస్ నేరుగా ఈ-పబ్ ఇస్తుంది, పీడీఎఫ్ ఎలాగూ ఇస్తుంది. అను టైపింగులో ఆపిల్ కీబోర్డు లేఅవుట్‌కు అలవాటు పడ్డ చేతులకు అదే లేఅవుట్‌లో యూనికోడ్ టైపు చేసే డ్రైవర్లున్నాయి. ఆపరేటర్లకు ఎవరూ ఇది నేర్పలేదు, ఎవరూ ఇది అడగలేదు. పేజీకి ఇంత అని లెక్కకట్టే చోట, అడగని పని ఆపరేటర్ తనంతట తాను ఎందుకు చేస్తాడు?

అడగకపోవడం వల్ల నష్టపోయేదెవరు? గ్రూప్-2కు చదువుకునే చూపులేని విద్యార్థి తెర మీది పాఠాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దింపుకున్నాడు, అది తెలుగు చదువుతుంది. యూనికోడ్ ఈ-పబ్ ఇస్తే అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకుతూ వినగలడు. అను పీడీఎఫ్ ఇస్తే దాని నోట ఇంగ్లిషు అక్షరాల గోల వస్తుంది. చూపులేనివాళ్లకు అందే రూపంలో పుస్తకాలు చేసుకోవడానికి వీలిచ్చే మర్రాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో, ఆమోదించింది భారతదేశమే. ఒప్పందం హక్కు ఇచ్చింది, మన ఫైలు ఆ హక్కును అడ్డుకుంటోంది. అరవై దాటి కళ్లజోడు మారిన మాస్టారి సంగతీ అంతే. డెమీ సైజు పేజీని ఫోన్లో తెరిచి, పెద్దది చేసుకుని, ప్రతి వరసకూ అటూ ఇటూ జరుపుకుంటూ ఎన్ని పేజీలు చదువుతాడు? ఈ-పబ్‌లో అక్షరం పెంచితే వరస దానంతట సర్దుకుంటుంది. సమాచారాన్ని స్థానిక భాషలో, జనానికి బాగా చేరే పద్ధతిలో ఇవ్వాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. స్కాన్ చేసిన తెలుగు కాగితాన్ని పీడీఎఫ్‌గా ఎక్కించి చేతులు దులుపుకునే ఏ కార్యాలయమూ ఆ మాటను నిలబెట్టినట్టు కాదు.

కాబట్టి రచయితలకు నా విన్నపం ఒకటే. వచ్చే పుస్తకం డీటీపీకి ఇచ్చేటప్పుడే మాట తీసుకోండి: టైపింగ్ యూనికోడ్‌లో, శీర్షికలు స్టైల్స్‌తో, చివరి ప్రూఫు దిద్దుబాట్లన్నీ చేరిన మూలప్రతి నా చేతికి. దానికి పేజీకి రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వండి, ఆ శ్రమకు అది న్యాయమే. గ్రాంటిచ్చే సంస్థలు, థీసిస్ తీసుకునే విశ్వవిద్యాలయాలు పీడీఎఫ్ పక్కన మూలప్రతి కూడా ఉంటేనే తీసుకుంటామని నిబంధన రాయాలి. ఇప్పటికే పుస్తకాలు వేసినవాళ్లు ఈ వారమే ఆ డీటీపీ సెంటర్‌కు వెళ్లి పాత ఫైలు, దానితో వాడిన ఫాంటు పేరు అడిగి తెచ్చుకోండి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. తప్పులు కొన్ని మిగులుతాయి, మీరు బతికుండగా కూర్చుని దిద్దుకోవచ్చు. మీ తర్వాత ఆ ఊరి పేరు ఏది సరైనదో చెప్పేవాళ్లు ఉండరు.